27,03,114: కూడితే వచ్చిన సంఖ్య

2011 మార్చి 1వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి క్షణానికి శ్రీకాకుళం జిల్లాలో 27,03,114 మంది ఉన్నారని జనగణన తేల్చింది. అదే క్షణానికి విజయనగరం జిల్లా లెక్క 23,44,474. అప్పటినుంచి ఈ రెండు సంఖ్యలూ ప్రభుత్వ కాగితాల్లో, పోటీ పరీక్షల గైడుల్లో, ప్రణాళికా నివేదికల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూసినవారంతా అడిగేది ఒకటే: ఎంత? పదేళ్లలో ఎంత పెరిగింది, ఎన్ని బడులు కావాలి, ఆసుపత్రుల్లో ఎన్ని పడకలు కావాలి? సంఖ్యా సిద్ధాంతం అడిగే ప్రశ్న వేరు. ఈ సంఖ్య ఎటువంటిది అని అది అడుగుతుంది. పరిమాణంతో ఆ ప్రశ్నకు దాదాపు సంబంధం లేదు. జనగణన అంటే కూడిక. ఇంటి పక్కన ఇల్లు, ఊరి పక్కన ఊరు, మండలం పక్కన మండలం కలుపుకుంటూ పోతే చివరికి జిల్లా మొత్తం వస్తుంది. అలా కూడికతో పుట్టిన సంఖ్యకు స్వభావాన్నిచ్చేది గుణకారం. ఒకే సంఖ్యలో ఉండే ఈ రెండు ముఖాల మధ్య దారి ఎక్కడుందో గణితజ్ఞులకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఆ మాట ఎంత నిజమో చూపడానికి కొత్తగా ఏ సంఖ్యనూ కల్పించనక్కర్లేదు, మన రెండు జిల్లాల జనాభా లెక్కలే చాలు.

ముందు 27,03,114 ని విడగొట్టి చూద్దాం. చివరి అంకె 4 కాబట్టి అది సరి సంఖ్య. అంకెలన్నీ కూడితే 18 వస్తుంది కాబట్టి 9 తో నిశ్శేషంగా భాగించవచ్చు. బడిలో నేర్చుకున్న భాజనీయతా సూత్రాలు మనల్ని ఇక్కడిదాకా తీసుకొస్తాయి: 27,03,114 = 18 × 1,50,173. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. 1,50,173 ని 2, 3, 5, 11 సూత్రాల్లో ఏదీ కదపలేదు. దాని వర్గమూలం 387 కి కాస్త ఎక్కువ. కాబట్టి అది రెండు సంఖ్యల లబ్ధమే అయితే అందులో చిన్నది 387 దాటదు. 7 దగ్గర మొదలుపెట్టి ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ పోతే 52 భాగహారాలు శేషాన్నే మిగులుస్తాయి. 53వది 263 తో. అక్కడ శేషం సున్నా, భాగఫలం 571. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. అంటే శ్రీకాకుళం సంఖ్య 2 × 3² × 263 × 571. ఇదే తీరున విడగొడితే విజయనగరం సంఖ్య 2 × 11 × 61 × 1747 అవుతుంది. ఏ సంఖ్యనైనా ఇలా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలమని, వరస మార్చడం తప్ప రెండో దారి లేదని పదో తరగతి పుస్తకంలో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చెబుతుంది. దానికి మూలాలు యూక్లిడ్ రచనలోనే ఉన్నా, స్పష్టమైన పూర్తి నిరూపణను 1801 లో గౌస్ ఇచ్చాడు. బడిలో అది ఒక పేరాలో గడిచిపోతుంది గానీ నా దృష్టిలో అంకగణితం మొత్తానికి పునాదిరాయి అదే. శ్రీకాకుళం సంఖ్యను ఎవరు, ఏ దేశంలో, ఏ పద్ధతిలో విడగొట్టినా 263, 571 రావాల్సిందే.

విడగొట్టడం అయ్యాక వర్గీకరణలు వరసగా వాటంతటవే వస్తాయి. 27,03,114 కి మొత్తం 24 భాజకాలున్నాయి. సంఖ్యను మినహాయించి మిగిలిన 23 భాజకాలను కూడితే 31,86,198 వస్తుంది, అంటే సంఖ్యకంటే ఎక్కువ. విజయనగరం సంఖ్యకు 16 భాజకాలు; దాన్ని వదిలేసి తక్కిన 15 కూడితే 15,57,062 మాత్రమే, సంఖ్యకంటే తక్కువ. మొదటి రకాన్ని సమృద్ధ సంఖ్య అనీ, రెండో రకాన్ని న్యూన సంఖ్య అనీ అంటారు. 6, 28 లాగా మొత్తం సరిగ్గా సంఖ్యకే సమానమైతే అది పరిపూర్ణ సంఖ్య. క్రీ.శ. 100 ప్రాంతంలో నికోమాకస్ అనే గ్రీకు పండితుడు ఈ మూడు తరగతులను వివరిస్తూ వాటికి గుణదోషాలు కూడా అంటగట్టాడు: సమృద్ధం అతి అనీ, న్యూనం లోపం అనీ, పరిపూర్ణం మర్యాద అనీ. అటువంటి వ్యాఖ్యానం మనకు పనికిరాదు. శ్రీకాకుళం సంఖ్య సమృద్ధం కావడానికీ ఆ జిల్లా సిరిసంపదలకూ ఏ సంబంధమూ లేదు. కారణమంతా 18 లో ఉంది. 18 భాజకాలైన 1, 2, 3, 6, 9 కూడితే 21. కాబట్టి 18 సమృద్ధం. సమృద్ధ సంఖ్య గుణిజాలన్నీ సమృద్ధాలే. ఆ క్షణానికి జిల్లాలో ఇంకొక్క బిడ్డ పుట్టి ఉంటే సంఖ్య 27,03,115 అయ్యేది. అది 5 తో ముగుస్తుంది, 2 తో గానీ 3 తో గానీ భాగింపబడదు. 3 తో భాగింపబడని బేసి సంఖ్యల్లో మొట్టమొదటి సమృద్ధ సంఖ్య 539 కోట్ల పైచిలుకు దగ్గర గానీ రాదు. కాబట్టి ఒక్క పసిబిడ్డతో సమృద్ధం న్యూనమైపోయేది. 263, 571 కూడా మాయమయ్యేవి. పక్కపక్కనున్న రెండు సంఖ్యలను ఒకే ప్రధాన సంఖ్య భాగించాలంటే వాటి తేడా అయిన 1 ని కూడా అది భాగించాలి, అది జరిగే పని కాదు.

ఒకటి కలిపితేనే ఇంత మార్పు వస్తే, లక్షలకు లక్షలు కలిపితే ఏమవుతుంది? జనగణన పట్టికే ఆ పరీక్షకు సరుకునిస్తుంది. శ్రీకాకుళం మొత్తంలో పురుషులు 13,41,738, స్త్రీలు 13,61,376. ఈ రెండు సంఖ్యలూ 18 తో భాగింపబడతాయి కాబట్టి మొత్తంలో 18 ఎలా వచ్చిందో మనకు తెలుసు. రెండు భాగాల్లోనూ ఉన్నది మొత్తంలోకి దిగింది. 18 ని పక్కన పెట్టేస్తే పురుషుల వైపు 74,541, స్త్రీల వైపు 75,632 మిగులుతాయి. మొదటిది 3 × 24,847, అందులో 24,847 ప్రధాన సంఖ్య. రెండోది 2⁴ × 29 × 163. ఈ రెంటినీ కూడితే 1,50,173, అంటే 263 × 571. ఎటు వెతికినా 263 జాడ లేదు, 571 జాడ లేదు. 29, 163, 24,847 ఉన్నాయి, కూడిక కాగానే అవన్నీ ఆనవాలు లేకుండా పోయాయి. ఎక్కడా లేని రెండు ప్రధాన సంఖ్యలు పుట్టుకొచ్చాయి. విజయనగరంలోనూ ఇదే తంతు: పురుషులు 11,61,477, స్త్రీలు 11,82,997. మొదటిదాన్ని 11 తో భాగిస్తే శేషం 9, రెండోదాన్ని భాగిస్తే 2. రెండు శేషాలూ కలిసి 11 అయ్యాయి గనక మొత్తం 11 తో తెగింది. 61 కథా అంతే, శేషాలు 37, 24. ఇక రెండు జిల్లాలనూ కలిపితే వచ్చే 50,47,588 నా మట్టుకు ఈ లెక్కలన్నిటిలో అందమైనది. అది 2² × 7³ × 13 × 283. శ్రీకాకుళం సంఖ్యలో 7 లేదు, విజయనగరం సంఖ్యలో 7 లేదు. వాటి మొత్తంలో 7 మూడుసార్లు ఉంది. 343 తో భాగిస్తే మొదటిది 274 ని, రెండోది 69 ని శేషంగా మిగులుస్తాయి. ఆ రెండూ కలిసి సరిగ్గా 343. ఒక సమృద్ధ సంఖ్యా ఒక న్యూన సంఖ్యా కలిసి ఇక్కడ సమృద్ధ సంఖ్య అయ్యాయి. ఇంకోచోట న్యూనమూ కావచ్చు. శేషాలు ముందే తెలిస్తే ఫలితం చెప్పవచ్చు గానీ, కారణాంకాలను మాత్రమే చూసి మొత్తం కారణాంకాలను చెప్పే సూత్రమేదీ లేదు. కూడికకూ గుణకారానికీ మధ్య దారి తెలియదని మొదట అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయంగానే వస్తుంది. ఏ రెండు పెద్ద సంఖ్యలు తీసుకున్నా వెతికేవాడికి ఏదో ఒక విశేషం కనబడుతుంది కదా, 343 వచ్చిందని మురిసిపోవడంలో అర్థమేముంది? నిజమే. యాదృచ్ఛికంగా తీసిన సంఖ్య 343 తో తెగే అవకాశం 343 లో ఒక వంతే అయినా, 343 ని వెతకాలని మనం ముందే నిశ్చయించుకోలేదు. 289 కనబడినా 361 కనబడినా ఇలాగే చెప్పుకునేవాళ్లం. జాతక సంఖ్యల పుస్తకాలన్నీ ఈ బలహీనత మీదే నడుస్తాయి: ముందు ఫలితం చూసి, తర్వాత దానికి నియమం కడతారు. దీనికి సరైన విరుగుడు, సాధారణంగా ఒక సంఖ్య ఎలా ఉంటుందో ముందు తెలుసుకుని దానితో పోల్చడం. 1917 లో హార్డీ, రామానుజన్ కలిసి చేసిన పని సరిగ్గా ఇదే. ఒక సంఖ్యను భాగించే వేర్వేరు ప్రధాన సంఖ్యలు సాధారణంగా ఎన్ని ఉంటాయో వారు నిరూపించారు: సంఖ్యకు సహజ లాగరిథమ్ తీసి, దానికి మళ్లీ లాగరిథమ్ తీస్తే వచ్చేంత. 27 లక్షల దగ్గర అది మూడుకు కాస్త తక్కువ. శ్రీకాకుళానికి నాలుగు, విజయనగరానికి నాలుగు, రెండూ కలిపిన మొత్తానికీ నాలుగు. అంటే మూడూ మామూలు సంఖ్యలే. భాజకాల సంగతి చూసినా, ఈ పరిమాణంలో సగటు 16 దగ్గర ఉంటుంది. విజయనగరం సరిగ్గా అక్కడే ఉంది, శ్రీకాకుళం 24 తో కొంచెం పైన. నిజంగా అసాధారణమైన సంఖ్య ఎలా ఉంటుందో 1915 లో రామానుజన్ తన అత్యధిక భాజకాల సంఖ్యల మీద రాసిన పెద్ద వ్యాసంలో చూపించాడు. మన జిల్లాల పరిసరాల్లో అటువంటిది 28,82,880. దానికి 336 భాజకాలు.

సాధారణం ఏమిటో తెలిస్తే రాబోయే సంఖ్య గురించి కూడా కొంత చెప్పగలం. 2021 లో జరగాల్సి వాయిదాపడిన జనగణనకు ఇప్పుడు 2027 మార్చి 1 ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి ఈ రెండు జిల్లాల సరిహద్దులూ మారిపోయాయి కాబట్టి పాత లెక్కతో నేరుగా పోల్చడం కుదరదు. కొత్త మొత్తం ఎంత వస్తుందో జనాభా నిపుణులు అంచనా వేస్తారు. అది ఎటువంటిదో ఎవరూ చెప్పలేరు. అవకాశాలు మాత్రం చెప్పవచ్చు: సరి సంఖ్య కావడానికి సగం, సమృద్ధం కావడానికి దాదాపు నాలుగో వంతు, ప్రధాన సంఖ్య కావడానికి పద్నాలుగు పదిహేను వంతుల్లో ఒకటి. ఆ సంఖ్య చివరి అంకె తేలేదాకా ఇంతకు మించి చెప్పే శాస్త్రం లేదు.

ఇప్పటిదాకా చెప్పిన వర్గాలన్నీ భాజకాల మీద ఆధారపడినవి. అంకెల మీద ఆధారపడేవి ఇంకో రకం ఉన్నాయి, పత్రికల చివరి పేజీల్లో ఎక్కువ ప్రచారం వాటిదే. మహారాష్ట్రలోని దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు హర్షద సంఖ్యలని పేరు పెట్టాడు. శ్రీకాకుళం సంఖ్య హర్షద సంఖ్య. అంకెల మొత్తం 18, భాగఫలం మనం చూసిన 1,50,173. విజయనగరం కాదు, దాని అంకెల మొత్తం 28, ఆ సంఖ్యను 4 తోనే భాగించలేం. కాప్రేకర్ మీద నాకు గౌరవముంది. ఏ విశ్వవిద్యాలయం అండా లేకుండా ఆయన కనిపెట్టిన వాటిని నేటికీ ప్రపంచమంతా చదువుతోంది. అయినా ఈ రకం లక్షణాన్ని కారణాంకాల సరసన కూర్చోబెట్టకూడదన్నది నా అభిప్రాయం. 27,03,114 ని కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే 22 స్థానాలు పడతాయి, వాటిలో పదకొండు ఒకట్లు. అంకెల మొత్తం 11. శ్రీకాకుళం సంఖ్య 11 తో తెగదు. కాబట్టి అక్కడ అది హర్షద సంఖ్య కాదు. జనం మారలేదు, సంఖ్య మారలేదు, రాసే పద్ధతి ఒక్కటే మారింది. పదితో లెక్కించడం మనిషి పెట్టుకున్న ఏర్పాటు. తెలుగునాట ధాన్యం కొలిచినవారు పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు అని లెక్కించారు. అక్కడ పది ఎక్కడా లేదు. శాలిహుండం, రామతీర్థం బౌద్ధక్షేత్రాలుగా వెలిగిన కాలపు బ్రాహ్మీ అంకెల్లో పదికీ ఇరవైకీ నూటికీ విడివిడి గుర్తులుండేవి. ఆ రాతలో అంకెల మొత్తమన్న మాటకే అర్థం లేదు. 263 తో తెగడం మాత్రం ఏ రాతలోనైనా, ఏ కొలతలోనైనా నిలుస్తుంది.

దీనికి సమాధానంగా ఒకరు అనవచ్చు: అంకెల సూత్రాలే కదా మనకు మొదట 9 ని పట్టించాయి? అవును, పనికొచ్చాయి. 10 ని 9 తో భాగిస్తే శేషం 1 కాబట్టి పదుల రాతలో అంకెల మొత్తం 9 గుట్టు చెబుతుంది. అది పనిముట్టు; దాని విలువ అది చూపించిన 9 లో ఉంది. పనిముట్టుకు దొరికిందల్లా సంఖ్య స్వభావం అనుకుంటేనే చిక్కు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటుంది. లక్షల మందిని లెక్కపెట్టేటప్పుడు కొందరు తప్పిపోవడం, కొందరు రెండుసార్లు పడటం సహజం. 2011 లోనే ముందుగా వెలువడిన తాత్కాలిక లెక్కలో శ్రీకాకుళం జనాభా 26,99,471. తుది లెక్కకు వచ్చేసరికి 3,643 పెరిగింది. అటువంటప్పుడు చివరి అంకె దాకా పట్టుకుని కారణాంకాలు తీయడం అర్థం లేని పని కాదా? జిల్లా గురించి తెలుసుకోవడానికైతే నిస్సందేహంగా అర్థం లేని పనే. ఆ తాత్కాలిక సంఖ్యను చూడండి: బేసి, న్యూనం, హర్షదం కాదు, 100 లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ దాన్ని భాగించదు. తుది సంఖ్యకు ఇది అన్నిటా ఎదురు. పరిమాణంలో తేడా వెయ్యికి ఒకటిన్నర కూడా లేదు, స్వభావంలో పోలిక ఏమీ లేదు. కాబట్టి ఈ లక్షణాలు శ్రీకాకుళం ప్రజలవి కావు, ఆ సంఖ్యవి. జిల్లా నుంచి దాన్ని అరువు తెచ్చుకున్నాం. లెక్కలో పొరపాటున్నా 27,03,114 అనే సంఖ్యలో పొరపాటు ఉండదు.

అయితే భాజనీయత ఎప్పుడూ లోకం గురించి ఏమీ చెప్పదని తీర్మానించేస్తే అదీ తప్పవుతుంది. జనగణనలోనే దానికి గట్టి ఉదాహరణ ఉంది. మన దేశంలో వయసు అడిగితే చాలామంది 30, 35, 40, 45 అని చెబుతారు. పట్టికలో 40 దగ్గర ఎత్తైన గుట్ట కనబడుతుంది, 39, 41 దగ్గర గుంటలు కనబడతాయి. పుట్టిన తేదీ కాగితం మీద లేని తరాల్లో ఇది మరీ ఎక్కువ. 23 నుంచి 62 ఏళ్ల మధ్యవారిలో 5 తో భాగింపబడే వయసులు ఉండాల్సినదానికంటే ఎంత ఎక్కువ ఉన్నాయో చూసి లెక్క నాణ్యతను కొలిచే సూచిక ఒకటుంది, విపుల్ సూచిక అని. వయసులన్నీ నిజాయితీగా నమోదైతే అది 100 చూపుతుంది, అందరూ 0, 5 లతో ముగిసే వయసులే చెబితే 500 చూపుతుంది. ఇక్కడ 5 తో తెగడమనే గుణం మనుషుల జ్ఞాపకం గురించి నిజంగా కబురు చెబుతోంది. ఎందుకంటే ఆ సంఖ్యను లెక్కపెట్టి తేల్చలేదు, మనిషి ఎంచుకుని చెప్పాడు. ఎంపికలో గుండ్రటి సంఖ్యల మీద మనసు మొగ్గుతుంది. కూడికకు అటువంటి మొగ్గు లేదు. ఒక జిల్లాలో మండలాల మొత్తాలన్నీ సున్నాలతోనే ముగిస్తే కూడిక జరగలేదని, ఎవరో కూర్చుని రాశారని అనుమానించాల్సిందే. కాబట్టి ఈ ఉదాహరణ నా వాదాన్ని బలపరిచేదే. నిజాయితీగా కూడి తెచ్చిన సంఖ్యకు కారణాంకాల విషయంలో ఏ పక్షపాతమూ ఉండదు, ఉంటే అదే లెక్క చెడిందనడానికి గుర్తు.

ఇక చివరి వర్గీకరణ. మన ప్రాంతానికీ ప్రపంచ గణితానికీ నేరుగా బంధం కలిసేది ఇక్కడే. ఒక సంఖ్యలోని అతి పెద్ద ప్రధాన కారణాంకం ఎంత పెద్దది? శ్రీకాకుళం సంఖ్యకు 571. ఆ జిల్లా సంఖ్య వర్గమూలం సుమారు 1644. 571 అందులో సగం కూడా లేదు. విజయనగరం సంఖ్యకు 1747. ఆ జిల్లా సంఖ్య వర్గమూలం సుమారు 1531. కారణాంకం దాన్ని దాటిపోయింది. రెండు జిల్లాలూ వర్గమూలమనే గీతకు చెరో పక్కన పడ్డాయి. వంద పెద్ద సంఖ్యలు తీస్తే దాదాపు 31 శ్రీకాకుళం పక్షాన, 69 విజయనగరం పక్షాన ఉంటాయి. వర్గమూలానికి బదులు ఘనమూలాన్నో, నాలుగో మూలాన్నో గీతగా పెట్టుకుంటే ఎన్ని మిగులుతాయన్నది 1930 లో స్వీడన్‌కు చెందిన కార్ల్ డిక్‌మన్ ఊహించి చెప్పాడు గానీ ఆయన వాదన పూర్తి నిరూపణ కాదు. ఆ లోటు తీర్చినవారిలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం బోధించిన వి. రామస్వామి ఒకరు. పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయో, ఆ అంచనాలో దోషం ఎంతకు మించదో నిరూపిస్తూ ఆయన రాసిన పత్రాలు 1949 లో అమెరికా గణిత పత్రికల్లో వచ్చాయి. అప్పటికి శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా కాలేదు, 1950 ఆగస్టు 15న అయింది. విజయనగరం జిల్లా 1979 లో గానీ ఏర్పడలేదు. నేడు పలు జిల్లాలుగా విడిపోయిన నేలంతా ఆనాడు ఒకే విశాఖ జిల్లా. ఆ జిల్లాలోని సముద్రపు ఒడ్డున కూర్చుని ఒక అధ్యాపకుడు చేసిన పని ఇది. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు ఉండాలి.

1949 లో ఆ ప్రశ్నకు ప్రయోజనమేమిటని అడిగితే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. చిన్న ప్రధాన కారణాంకాలు మాత్రమే ఉన్న వీటిని ఇప్పుడు స్మూత్ సంఖ్యలంటారు, నున్నని సంఖ్యలన్నమాట. పెద్ద సంఖ్యలను విడగొట్టే పద్ధతుల్లో ముఖ్యమైనవి వీటి చుట్టూ తిరుగుతాయి. 1,50,173 నే మళ్లీ తీసుకుందాం. దాన్ని రెండు వర్గాల భేదంగా రాయగలిగితే పని అయిపోతుందని ఫెర్మా గమనించాడు. 388 వర్గం నుంచి దాన్ని తీసేస్తే 371 మిగులుతుంది, అది వర్గం కాదు. 389, 390 అంటూ ముందుకు పోతే ముప్పయ్యో ప్రయత్నంలో, 417 దగ్గర, మిగిలేది 23,716. అది 154 వర్గం. 417 లోంచి 154 తీస్తే 263, కలిపితే 571. భాగహారాలు 53 పట్టిన చోట ఇది 30 తో తేలింది. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ సిద్ధంగా ఉన్న వర్గం ఇలా దొరకదు. అందుకని దారిలో తగిలే నున్నని సంఖ్యలను పోగుచేస్తారు: 395 దగ్గర మిగిలే 5,852 అంటే 2² × 7 × 11 × 19, 397 దగ్గర మిగిలే 7,436 అంటే 2² × 11 × 13², 403 దగ్గర మిగిలే 12,236 అంటే 2² × 7 × 19 × 23. ఇటువంటివి చాలినన్ని చేరితే, కొన్నిటిని ఏరి గుణించి వర్గాన్ని తయారు చేయవచ్చు. 1981 లో కార్ల్ పొమెరాన్స్ రూపొందించిన క్వాడ్రాటిక్ సీవ్ ఇదే పద్ధతి. 129 అంకెల సంఖ్యను 1994 లో దీనితోనే ఛేదించారు. నున్నని సంఖ్యలు ఎంత తరచుగా తగులుతాయన్న డిక్‌మన్, రామస్వామిల అంచనాయే ఇలాంటి పద్ధతులకు ఎంతకాలం పడుతుందో లెక్కకట్టడానికి ఆధారం.

ఆ లెక్క మీదే నేటి రహస్య సంకేతాల్లో ఒక ముఖ్యమైన రకం భద్రత నిలబడింది. 1977 లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ తయారుచేసిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం అందరికీ తెలుస్తుంది, ఆ రెండు సంఖ్యలు మాత్రం తెలియవు. మామూలుగా వాడే 2048 బిట్ల తాళం 617 అంకెల సంఖ్య. విడగొట్టి చూడమని సవాలుగా ప్రకటించిన ఇటువంటి సంఖ్యల్లో ఇప్పటిదాకా ఛేదించిన అతి పెద్దది 250 అంకెలది, 2020 ఫిబ్రవరిలో. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం ఇంత కష్టం కాదు. అందుకు వేగవంతమైన, ఎన్నడూ తప్పని పద్ధతి ఉందని 2002 లో కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. ప్రధానం కాదని తెలియడం ఒకటి, దాని కారణాంకాలు తెలియడం మరొకటి. రెండోది నిజంగా కష్టమైన పనేనని మాత్రం ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే అది వేగంగా జరుగుతుందని 1994 లో పీటర్ షోర్ చూపించాడు. అంత పెద్ద యంత్రం ఇంకా తయారు కాలేదు. మామూలు కంప్యూటర్‌కు దగ్గరిదారి లేదని మనం నమ్మడానికి కారణం, శతాబ్దాలుగా వెతికినవారికి అది దొరకకపోవడమే.